ఊదు పొగ పట్టిన కుక్కపిల్ల

కుక్కకు పురుడు చేసిన ఇల్లు మా ఊళ్లో మాదొక్కటే. ఇప్పటికీ పెబ్బేరు సంతలో కనబడ్డ ఊరివాళ్లు మా ఆయనను ఆపి, మీ బాలెంత ఎట్లుంది అని అడిగి పళ్లికిలిస్తుంటారు. ఇకిలించనీ. ఆ రోజు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మా ముగ్గురి ముఖాల్లో నెత్తుటి చుక్క లేదు. అది వాళ్లెవరూ చూడలేదు.

మాది కొత్తకోటకూ పెబ్బేరుకూ నడుమ, పెద్దరోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఊరు. వేరుశనగ వేస్తాం, కాలువ నీళ్లు వచ్చిన దగ్గర్నుంచి కొంత వరి కూడా. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, మా అత్త. మా బిడ్డ వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. మా అత్తది కోడేరు దిక్కు. నా పుట్టిల్లు కృష్ణ దాటాక గద్వాల వైపు. మా దిక్కు మాటల్లో కన్నడం కలుస్తుంది. ప్రసవమైన ఆడమనిషిని మేం బాణంతి అంటాం, ఇక్కడ బాలెంత అంటారు. పెళ్లయి ఇన్నేళ్లయినా నా నోట ఆ మాట వస్తే మా అత్త, వచ్చిండ్రమ్మా గద్వాలోళ్లు అని ఎత్తిపొడవకుండా వదలదు. నేనూ తక్కువ తినలేదు. నాకు ముక్కు మీద కోపం. ఇద్దరం మాటా మాటా అనుకోని రోజు ఉండదు, ఒకరు తినకుండా ఇంకొకరు తిన్న రోజూ లేదు.

ఆ కుక్క మేం తెచ్చుకున్నది కాదు. మా ఆయన సంతలో బర్రెను కొని తోలుకొస్తుంటే దాని వెనకాలే వచ్చింది. ఎర్రటి ఒళ్లు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటుంది. బర్రెను అమ్మినవాళ్లదేమోనని ఫోన్ చేసి అడిగితే మాది కాదన్నారట. మరి ఎందుకు వచ్చినట్టు? సంతలో అన్ని పశువులుండగా ఈ బర్రెతోనే దానికేం చుట్టరికం? నాకు అప్పటి నుంచే దాని మీద ఆరా ఎక్కువ. కొట్టంలో బర్రె పడుకుంటే దాని పొట్టకు ఆనుకుని పడుకునేది. బర్రె తోకతో కొట్టినా లేచేది కాదు. దానికి పేరు పెట్టలేదు, ఎర్రది అంటాం. కొన్నాళ్లకు పొట్ట దిగింది. బర్రె కంటే ముందు ఇదే ఈనేటట్టుందని మా ఆయన నవ్వాడు. ఇంకో నోరు తయారవుతున్నదని నేను గొణిగాను.

వానలు పడుతున్న రోజుల్లో, కాయలు తెంపాక మిగిలిన వేరుశనగ కట్టె వామి కింద బొక్క చేసుకుని ఈనింది. తెల్లారి సన్నటి మూలుగు వినబడితే నేనూ అత్తా వంగి చూశాం. ఒక్కటే పిల్ల. అంత పొట్టకు ఒక్కటేనా అని నాకు నమ్మకం కుదరలేదు. మా అత్త వామి కిందికి చెయ్యి పెట్టి పొట్ట తడిమి, ఇంకేం లేవు, ఖాళీ అన్నది. నేను చెయ్యి పెడితే పళ్లు చూపించిన కుక్క, ఆమె చెయ్యి పెడితే కళ్లు మూసుకున్నది. రోజూ గిన్నెలో రొట్టె వేసేది నేనే కదా. నా మీద లేని నమ్మకం ఆమె మీద ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కొంచెం కుళ్లుకున్నాను కూడా.

వామి కిందికి వాన నీళ్లు పారుతున్నాయి. లోపలికి తేక తప్పదు. మా ఆయన పిల్లను తీయబోతే ఎర్రది చేతికి పళ్లు ఆనించింది. కరవలేదు, కరుస్తానని చెప్పింది. మా అత్త పిల్లను కొంగులో వేసుకుని ముందు నడిస్తే మాత్రం, ఆ కొంగుకు ముక్కు ఆనించి వెనకాలే నడిచింది. కొట్టం పక్కన విత్తనాలు పెట్టుకునే చిన్న గది ఉంది. అందులో మూలకు గోనెసంచి పరిచి, మీద నా పాత చీర మడతపెట్టి వేశాను. ఎర్రది చీరను ముందుకాళ్లతో గోకి గోకి అవతలికి నెట్టింది. గోనె మీద గుండ్రంగా తిరిగి తిరిగి పడుకున్నది. మళ్లీ వేశాను, మళ్లీ నెట్టింది. అంత మెత్తటి చీర కాదని ఆ గరుకు గోనె ఎందుకు ముద్దొచ్చిందో. నువ్వూ గద్వాల పిల్లవేనా, చెప్పిన మాట వినవు అని నన్నూ కుక్కనూ కలిపి ఒక మాట అన్నది మా అత్త.

ఆమె మాత్రం తన పని తాను చేసుకుపోయింది. గడపకు వేపమండ కట్టింది. మూలకు పాత కొడవలి పెట్టింది. శొంఠి, వాము, మిరియాలు దంచి బెల్లంతో ఉండ కట్టింది. బాలెంతకు పెట్టే కాయం అది. ఎర్రది దాన్ని నోట్లోకి తీసుకుని, కాసేపు ఆలోచించి, మర్యాదగా కింద పెట్టేసింది. జొన్నరొట్టె పులుసులో నానబెట్టి ఇస్తే గిన్నె కూడా నాకింది. బాలెంతకు పథ్యం ఉండాలి కదా, పులుసు ఏంటి అని నేను ఉడికించాను. కుక్కకు ఎంతవరకు బాలెంత చట్టం వర్తిస్తుందో మా ఇద్దరికీ తెలియక, వంటింట్లో దాని మీద ఒక పూట వాదన నడిచింది. మనిషికి చేసినట్టే ఆమె చేస్తుంటే నేను నవ్వుకున్నాను తప్ప వద్దనలేదు.

ఆ తర్వాత నా పనులన్నీ అటకెక్కాయి. గడపలో కూర్చుని చూడటమే పని. పిల్లకు కళ్లు తెరుచుకోలేదు, చెవులు ముడుచుకుని ఉన్నాయి. మరి రొమ్ము ఎక్కడుందో దానికి ఎట్లా తెలుస్తున్నది? తల అటూ ఇటూ ఊపుకుంటూ పాకుతుంది, దారి తప్పుతుంది, గోడకు తగులుతుంది, వెనక్కి తిరుగుతుంది, చివరికి సరిగ్గా అక్కడికే చేరుతుంది. తల్లి పొట్ట నాకితే గాని అది ఉచ్చ పోయదు. పోసినదాన్ని తల్లే నాకేస్తుంది, గోనె మీద తడి ఉండదు. మొదటిసారి చూసి ఛీ అనుకున్నాను. తర్వాత, ఎంత పొందికగా చేస్తున్నదో అనుకున్నాను. మా ఆయన అన్నం అడిగితే కుండలో ఉంది వడ్డించుకో అన్నాను. టికెట్ లేని సినిమా దొరికింది నీకు అని ఎగతాళి చేసి, పళ్లెం పట్టుకుని తనూ పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయనను ఎర్రది గడప దాటనివ్వలేదు. నన్ను ఒక అడుగు లోపలికి రానిచ్చింది. అత్తకు మాత్రం అడ్డు లేదు.

మా అత్త సంగతి చెప్పాలి. ఈ ఊళ్లో ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన పిల్లల్లో చాలామంది ఆమె కాళ్ల మీద నీళ్లు పోసుకున్నవాళ్లే. ఆమె మంత్రసాని కాదు, కాన్పులు చేయలేదు. పుట్టిన బిడ్డకు నీళ్లు పోయడమే ఆమె పని. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద వేసుకుని, నూనె రుద్ది, ముక్కు సవరించి, తల గుండ్రంగా ఒత్తి, చెంబుతో నీళ్లు పోస్తుంటే గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా మెల్లగా సద్దుమణిగేది. తుడిచి, మాడుకు ఆముదం పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఆ పొగ పట్టేది. ఆ పొగనే ఊదు అంటాం. ఆమె చెయ్యి మంచిదని పక్క ఊళ్ల నుంచి కూడా పిలిచేవాళ్లు. ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలోనే. పొగ పెట్టొద్దు, ముక్కులో చెవుల్లో నూనె పోయొద్దు అని నర్సులు చెప్పి పంపిస్తున్నారు. మంచిదే, నేనూ ఆ మాటే అంటాను. కానీ ఆమెకు పిలుపులు ఆగిపోయాయి. ఆమె పైకి ఏమీ అనదు. వీధిలో ఎవరి ఇంట్లో పసిబిడ్డ ఏడ్చినా మాత్రం చేస్తున్న పని ఆపి అటే చూస్తుంది.

పిల్ల పుట్టిన రెండో నాడో మూడో నాడో, పొద్దున నేను చేనుకు పోయి వచ్చేసరికి వాకిట్లో నీళ్ల కాగు కింద మంట ఉంది. వాన తెరిపి ఇచ్చి ఎండ పడింది. మా అత్త పీట మీద కాళ్లు చాపి కూర్చుంది. కాళ్ల మీద కుక్కపిల్ల. ఎర్రదాన్ని మా ఆయన రొట్టె చూపించి బావి దిక్కు తీసుకుపోయాడట, అదీ ఆమె పురమాయింపే. ఆముదం రుద్దడం అప్పటికే అయిపోయింది. శనగపిండిలో పసుపు కలిపి ఒళ్లంతా అద్ది, గోరువెచ్చటి నీళ్లు దోసిట్లోకి తీసుకుని కొద్దికొద్దిగా పోస్తున్నది. అలవాటు కొద్దీ వేలితో ముక్కు కూడా సవరించింది. కుక్కకు ఇంకా ఎంత ముక్కు కావాలని నాకు నవ్వు ఆగలేదు.

“ఇది గూడ తల్లి కన్న బిడ్డనే గద పిల్లా. నవ్వుతవ్ ఎందుకు?” అన్నది, తలెత్తకుండా.

ఏం చెప్పను, ముచ్చటేసింది. ఎన్నాళ్లకో ఆమె ముఖంలో ఆ కళ. చేతులు వాటంతట అవే నడుస్తున్నాయి. పిల్ల కిక్కురుమనకుండా పడి ఉంది. తుడిచింది, మాడుకు ఇంకొంచెం ఆముదం పెట్టింది, నిప్పుల మీద ఊదు చల్లి పిల్లను ఆ పొగలో అటూ ఇటూ తిప్పింది. నేను ఫోన్‌లో ఫోటో తీసి మా బిడ్డకు పంపాను. గదిలోకి పోయి చూస్తే గోనెసంచి లేదు. పురుటి గుడ్డలు ఉంచరాదని బయట వేసి కాల్చేసిందట. నేల పేడతో అలికి, ముగ్గు వేసి, ఉతికి ఆరేసిన వేరే సంచి పరిచింది. దాని మీద నా పాత చీర. పొగ గదికి కూడా పట్టించింది. ఏ మూల చూసినా అద్దంలాగా ఉంది.

మా బిడ్డ వెంటనే ఫోన్ చేసింది. నవ్వుతుందనుకున్నాను. అప్పుడే పుట్టిన కుక్కపిల్లకు స్నానం ఎవరు చేయిస్తారు, తల్లి దాన్ని దగ్గరికి రానివ్వదు అని నా మీద అరిచింది. మా అత్త వినబడనట్టు పిల్లను తీసుకుపోయి చీర మీద పడుకోబెట్టింది. నేనూ కొట్టిపారేశాను. ఫోన్లు చూసి చూసి ఈ పిల్లలకు అన్నిటికీ భయమే అన్నాను. తల్లి ఏంటి, బిడ్డను రానివ్వకపోవడం ఏంటి?

ఎర్రది వచ్చింది. ఎప్పటిలాగే గడప దాటి ఒక అడుగు పెట్టి ఆగిపోయింది. ముక్కు పైకెత్తింది. నేల వాసన చూసింది, గోడ వాసన చూసింది. మూలకు పోయి పిల్ల మీద ముక్కు పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి దుమికింది. మళ్లీ దగ్గరికి పోయి తుమ్మింది. తర్వాత గొంతులోంచి గుర్రుమన్నది. బిడ్డ మీద గుర్రుమన్న తల్లిని నేను చూడటం అదే మొదలు. బయటికి ఉరికి వామి దగ్గరికి పోయింది. కింద తల పెట్టి గోకింది, లేదు. కొట్టంలో బర్రె ముందరి గడ్డి కెలికింది, లేదు. గోనె కాల్చిన బూడిద దగ్గర నిలబడి చాలాసేపు వాసన చూసింది. కుయ్యి కుయ్యిమంటూ ఇల్లు చుట్టి తిరుగుతున్నది.

లోపల పిల్ల ఆకలికి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినగానే ఎర్రది ఎక్కడున్నా ఉరికి వస్తుంది. తోక ఊపుకుంటూ, దొరికింది అన్నట్టు వస్తుంది. వచ్చి ముక్కు పెడుతుంది. ఇది కాదనుకుంటుంది. మరి ఏడ్చేది ఎక్కడ? గది మూలమూలా వెతికి మళ్లీ బయటికి పోతుంది. ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు పోయిందో. చెవి అవునంటుంటే ముక్కు కాదంటున్నది, అది ముక్కు మాటే వింటున్నది. నేను చూసి చూసి, ఇదేనే, ఇదే నీ బిడ్డ అని కుక్కతో చెప్పుకున్నాను. కళ్లముందున్న బిడ్డ కోసం ఊరంతా వెతికే తల్లి అయింది అది.

మా ఆయన తువ్వాలతో దాని మూతి కట్టి, బలవంతంగా పడుకోబెట్టి, పిల్లను రొమ్ముకు పెట్టమన్నాడు. పెట్టాను. పిల్ల ఇట్టే పట్టేసింది, దానికి తల్లి ఎవరో తెలుసు. ఎర్రది మాత్రం ఒళ్లంతా బిగబట్టి వణికింది. తువ్వాల జారిన వెంటనే మెడ తిప్పి పిల్లను పట్టబోయింది. నేను లాక్కోకపోతే అక్కడే అయిపోయేది. ఇంక ఆ పని చేయొద్దన్నాను. కొత్తకోటలో తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, పిల్లను వెచ్చగా ఉంచండి, మేకపాలు చుక్క చుక్కగా పట్టి చూడండి అన్నాడు. తల్లి పాలు దొరక్కపోతే ఇంత చిన్నది బతకడం కష్టమేనని ఉన్నమాట కూడా చెప్పాడు.

పక్కింట్లో మేకపాలు అడిగి తెచ్చాను. దూది వత్తి ముంచి నోట్లో పెడితే కొంచెం మింగి, మిగతాది ముక్కులోంచి వదిలింది. ఆ పసుపూ నూనే తీసేద్దామని తడిగుడ్డతో తుడిచాను. తుడిచినకొద్దీ పిల్ల చల్లబడుతున్నది, వాసన మాత్రం పోవడం లేదు. ఊదు వాసన ఎంత మొండిదో ఆ రోజే తెలిసింది. కొంగులో చుట్టి రవికకు ఆనించుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం తిరిగేసరికి ఏడుపు సన్నబడింది. ఏడ్చినంతసేపు ఏడుస్తున్నదని బాధ, ఏడుపు ఆగితే అంతకంటే భయం. పొద్దుగూకే దాకా ఉంటుందన్న ఆశ పోయింది నాకు.

మా అత్త వాకిట్లో అదే పీట మీద కూర్చుని ఉంది. తినలేదు. నేను కోపం ఆపుకోలేని మనిషిని. పిల్లను పట్టుకుని బయటికి వచ్చి, కుక్కకు కుక్క పని తెలియదా, నడుమ నీ ఊదు ఎవరడిగారు అని అనేశాను. నోరు జారాక నాలుక కరుచుకున్నాను. రోజూ నా మాటకు రెండు మాటలు అప్పజెప్పే మనిషి, రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నది.

“ఇన్నేండ్ల నా చేతుల పడ్డ బిడ్డ ఒక్కటి చెడలేదు,” అన్నది. “ఇది చెడితే, ఇగ ఇవి నాకెందుకు?”

పిల్ల పోతే ఈమె కూడా మంచం పడుతుందని నాకు గుబులు పట్టుకున్నది. మా ఆయనకూ అదే అనిపించిందేమో, ఏదో పని ఉన్నట్టు బర్రె దగ్గరికి పోయి ఊరికే నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా ఎర్రది వెతికి వెతికి అలసిపోయి వామి పక్కన ఒరిగింది. సరిగ్గా పడుకోలేకపోతున్నది. పాలు దిగి రొమ్ములు రాళ్లలాగా గట్టిపడ్డాయి, నేలకు తగిలితే మూలుగుతున్నది. మా అత్త చూసింది. లేచింది. పిల్ల సంగతి మరిచినట్టే, నేరుగా ఎర్రది దగ్గరికి పోయి కింద కూర్చున్నది. పాలు గడ్డ కడితే దానికి జ్వరం వస్తుంది, పిండాలి అన్నది. బిడ్డ దక్కని బాలెంతలకు ఆమె అట్లా పిండేదని విన్నాను. కానీ కుక్కను పిండడం! బర్రెను పిండుతాం, మేకను పిండుతాం. కుక్కను పిండిన మనిషిని చూశానంటే మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ఎర్రది మొదట ఆమె చెయ్యి వాసన చూసి ముఖం తిప్పుకున్నది. ఊదు పట్టిన చేతులు కదా. మా అత్త కింది మట్టి తీసి చేతులకు రుద్దుకున్నది. కాసేపు ఊరికే కూర్చున్నది. తర్వాత ఒక్కో రొమ్మునూ రెండు వేళ్లతో మెల్లగా ఒత్తింది. ఎర్రది పెద్ద ఊపిరి వదిలి తల నేల మీద వాల్చింది. చుక్క చుక్కగా పాలు ఆమె అరచేతిలో చేరాయి. చిక్కటి పాలు, కొంచెం పచ్చగా. చూడకుండా ఉండలేను కాబట్టి నేను వంగి వాసన కూడా చూశాను. నాకైతే ఏ వాసనా రాలేదు. ఎర్రది ముక్కుకు అందులో ఏం తెలుస్తుందో దానికే తెలియాలి.

అరచెయ్యి నిండింది. ఇప్పుడు ఆ పాలు ఎక్కడ పోయాలి? తల్లిపాలు మా ఇళ్లల్లో నేల మీద పోయరు. కాలు పడినా, చీమ తిన్నా తల్లికి పాలు ఎండుతాయంటారు. ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లోనో గోడ మీదనో పోస్తారు. గోడ దాకా పోవాలంటే ఆమె లేవాలి. ఆమె లేస్తే ఎర్రది లేచిపోతుంది. చుట్టూ చూసింది. నా కొంగులో పిల్ల కనబడింది. ఇటు తెమ్మని తల ఊపింది. ఇచ్చాను. అరచేతిలో పాలన్నీ దాని వీపు మీద పోసి ఒళ్లంతా రాసింది. ఎవరి పాలు వాళ్ల బిడ్డ ఒంటికే పోనీ అనుకున్నదట, అంతే. పారబోయలేక చేసిన పనే గాని అందులో ఇంకే ఆలోచనా లేదని ఇప్పటికీ చెబుతుంది.

పాలు అంటిన చేతిని ఎర్రది నాకింది. వేళ్లు నాకింది, అరచెయ్యి నాకింది. ఆ చెయ్యి పిల్ల మీద ఉంది కాబట్టి నాలుక జారి పిల్ల వీపు మీద పడింది. ఆగింది. ముక్కు పెట్టింది, మళ్లీ నాకింది. వీపు నాకి, తోక దాకా పోయి, తల దగ్గరికి వచ్చేసరికి మాడు మీది ఆముదం తగిలి ముఖం తిప్పేసుకున్నది. మా అత్త తొందరపడలేదు. మళ్లీ పిండింది, మాడుకు రాసింది. మళ్లీ పిండింది, చెవుల వెనక, గొంతు కింద రాసింది. ఆమె పిండుతుంది, రాస్తుంది, అది నాకుతుంది. మా ఆయన కొట్టం గుంజకు ఆనుకుని చూస్తున్నాడు, దగ్గరికి రమ్మన్నా రాలేదు.

పిల్ల కదిలింది. సన్నగా ఏడ్చింది. ఈసారి ఎర్రది ఎటూ ఉరకలేదు. ముక్కుతో పిల్లను పొట్ట కిందికి తోసుకున్నది, వెనక కాలు ఎత్తి చోటిచ్చింది. పిల్ల తల ఊపుకుంటూ వెతికింది, బలం లేక ఆగింది, మళ్లీ వెతికింది. చప్పరించే చప్పుడు వినబడగానే మా అత్త వెనక్కి జరిగి వామికి చేరగిలబడింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎందుకు ఆపుకోవాలి?

వాళ్లను మళ్లీ గదిలోకి తేలేదు. వామి పక్కనే మా ఆయన టార్పాలిన్ కట్టాడు, నీళ్లు రాకుండా చుట్టూ కాలువ తీశాడు. కింద ఎండు కట్టె పరిచి వదిలేశాం. ఎర్రది దాన్ని తనకు నచ్చినట్టు కెలుక్కుని పడుకున్నది. మా బిడ్డకు ఫోన్ చేసి చెబితే, నాయనమ్మకు ఇవ్వు అన్నది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, మా అత్త ఫోన్ పెట్టేసి అన్నం పెట్టమన్నది.

తిన్నాక ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. నాకు ఇంకా అదే యోచన. కళ్లతో చూసి, చెవులతో విని కూడా, ముక్కు చెప్పేదాకా తల్లి నమ్మదా? అదే పైకి అన్నాను. కుక్క కాబట్టి అంతే, మనుషులకు అట్లా ఉండదు అన్నది ఆమె. ఆమె అన్నదానికి ఎదురు చెప్పడం నాకు అలవాటే. కానీ ఆ రోజు నోటికి వచ్చిన మాట ఎదురు చెప్పడానికి వచ్చింది కాదు.

“ఉంటది అత్తా,” అన్నాను. “నువ్వు బిడ్డకు నీళ్లు పోసి, ఊదు పట్టి, నా ఒళ్ల పెడ్తుంటివి చూడు. అప్పుడు అది నా బిడ్డ లెక్క అనిపించకపోతుండె.”

మా అమ్మకు ఒంట్లో బాగాలేక నా కాన్పు అత్తగారింట్లోనే అయింది. రోజూ పొద్దున తెల్లగా, నున్నగా, ఘుమఘుమలాడుతూ ఒళ్లోకి వచ్చే ఆ బిడ్డ ఎవరిదో అనిపించేది. పాలిచ్చేదాన్ని, కానీ లోపల ఏదో పట్టేది కాదు. దుప్పటి కప్పుకుని దాని మెడ మడతల్లో, గుప్పిట్లో ముక్కు పెట్టి వెతికేదాన్ని. మాపటికి పాలూ చెమటా పట్టి నా బిడ్డ వాసన తిరిగి వస్తే, అప్పుడు గట్టిగా పట్టుకుని ఏడ్చేదాన్ని. బాలెంతకు ఏడుపు మామూలే అనుకున్నారు అందరూ. తెల్లారితే మళ్లీ నీళ్లు కాగేవి. కన్నబిడ్డ మీద నాకే ఈ అనుమానమేంటి, నాలోనే ఏదో లోపముందని భయపడి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. ఇంత నోరున్నదాన్ని, నోరు మూసుకున్నాను. అదంతా మొదటిసారి ఆమెకే చెప్పాను.

కోప్పడుతుందనుకున్నాను.

“మా అత్త నీళ్లు పోసినప్పుడు నాకు గూడ గట్లనే అయితుండె,” అన్నది.

నాకు ఒళ్లు మండింది. మరి తెలిసి తెలిసి నాకెందుకు చేశావు, ఊళ్లో బాలెంతలందరికీ ఎందుకు చేశావు అని అడిగాను. ఆమె నా దిక్కు తిరిగింది.

“నా ఒక్కదానికే అయితుందనుకున్న బిడ్డా,” అన్నది.